ఫైనాన్స్ చదువుకి స్కాలర్‌షిప్ గైడెన్స్ సర్వీస్: లిస్టు వద్దు, ఎస్సే రివ్యూ తీసుకోండి

విదేశాల్లో ఫైనాన్స్ మాస్టర్స్ చేద్దామనుకుని, స్కాలర్‌షిప్‌ల కోసం ఒక ఆన్‌లైన్ గైడెన్స్ సర్వీసుకి డబ్బు కట్టాను. పేరు ఇక్కడ రాయడం లేదు. వాళ్లు చేస్తామన్నవి మూడు పనులు: మన ప్రొఫైల్‌కి సరిపోయే స్కాలర్‌షిప్‌ల లిస్టు ఇవ్వడం, ఎస్సేలు దిద్దిపెట్టడం, డెడ్‌లైన్లు గుర్తుచేయడం. ఐదుకి మూడు ఇస్తున్నాను, ఆ మూడూ ఎస్సే దిద్దినావిడకే చెందుతాయి.

ముందు లిస్టు సంగతి. ఎక్సెల్ షీటులో నలభైకి పైగా పేర్లు, నాకు సరిపోతాయన్నవాటికి పచ్చరంగు వేసి ఉంది. అందులో కేంబ్రిడ్జ్ యూనివర్సిటీలో చదివేవాళ్లకిచ్చే గేట్స్ కేంబ్రిడ్జ్ స్కాలర్‌షిప్ కూడా ఉంది, పక్కనే కోర్సు గడిలో ఎంఫిన్ (మాస్టర్ ఆఫ్ ఫైనాన్స్) అని రాశారు. నేను నమ్మేసి రెండు వారాలు దానిమీదే కూర్చున్నాను. తర్వాత ఎందుకో అనుమానం వచ్చి ఆ స్కాలర్‌షిప్ సొంత సైటులో అర్హతల పేజీ చివరిదాకా చదివితే, ఎంబీఏ, ఎంఫిన్ లాంటి కోర్సులకి అది వర్తించదని స్పష్టంగా ఉంది. ఫైనాన్స్ వాళ్లకి అసలు చిక్కు ఇక్కడే. పెద్ద పేరున్న స్కాలర్‌షిప్‌లలో కొన్ని పరిశోధన వైపు కోర్సులకి డబ్బిస్తాయి కానీ, చదవగానే మంచి జీతం వస్తుందనుకునే ప్రొఫెషనల్ కోర్సుల్ని పక్కన పెడతాయి. కాబట్టి ఒకే యూనివర్సిటీలో ఒక ఫైనాన్స్ కోర్సుకి డబ్బు రావచ్చు, ఇంకోదానికి రాకపోవచ్చు. డబ్బు తీసుకుని లిస్టు ఇచ్చేవాళ్లు చెప్పాల్సిన మొదటి మాట ఇదే కదా!

చీవెనింగ్ విషయంలోనూ అంతే. బ్రిటన్ ప్రభుత్వం 1983లో మొదలుపెట్టిన ఈ స్కాలర్‌షిప్ ఏడాది మాస్టర్స్‌కి ఫీజు, బతకడానికి ఖర్చు, విమానం టికెట్ అన్నీ ఇస్తుంది, అందుకే అందరూ దాని వెంటే పడతారు. కానీ 2,800 గంటల పని అనుభవం కావాలి (పార్ట్‌టైమ్, ఇంటర్న్‌షిప్, వాలంటీర్ పని కూడా లెక్కలోకి వస్తాయి, ఇది చాలామందికి తెలియదు), పైగా కోర్సు అయ్యాక సొంత దేశానికి వెళ్లి కనీసం రెండేళ్లు ఉండాలి. డిగ్రీ కాగానే లండన్‌లో బ్యాంకు ఉద్యోగం అనుకునేవాళ్లకి ఇది కుదరదు. నా షీటులో ఈ రెండేళ్ల షరతు ఊసే లేదు. ఫ్రాన్స్ ఈఫెల్ స్కాలర్‌షిప్ కూడా పచ్చరంగులోనే ఉంది, కానీ దానికి మనం నేరుగా అప్లై చేయలేం, అక్కడి విద్యాసంస్థే మన పేరు పంపాలి, పైగా ట్యూషన్ ఫీజు అది కట్టదు. యూరోపియన్ యూనియన్ ఇచ్చే ఎరాస్మస్ ముండుస్ మాత్రం మంచి సూచన, నెలకి 1,400 యూరోలు, ఫీజు లేదు.

మిగతా పేర్లలో ఎక్కువ భాగం యూనివర్సిటీలే ఇచ్చే ఫీజు తగ్గింపులు. స్కాలర్‌షిప్ అనగానే చేతికి డబ్బొస్తుందనుకుంటాం. ఒక యూనివర్సిటీ నుంచి నాకొచ్చిన ఫీజు తగ్గింపు లెటర్ తీసి చూస్తే, మూడో పేజీలో ఒక చిన్న వాక్యం: తగ్గింపు మొత్తాన్ని చివరి వాయిదాలో సర్దుతాం. అంటే సీటు ఖాయం చేసుకోవడానికి డిపాజిట్ మొత్తం ముందే కట్టాలి, మొదటి వాయిదా కూడా నిండుగా కట్టాలి. ఆ రాత్రి లెక్కలు వేసుకుంటుంటే పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు. బ్రిటన్ వీసాకైతే మిగతా ఫీజు, అక్కడ బతకడానికి ఖర్చుకి సరిపోయే డబ్బు ఖాతాలో వరసగా 28 రోజులు తగ్గకుండా ఉండాలి. జర్మనీలో ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలాచోట్ల ఫీజు లేకపోయినా, 2024 సెప్టెంబర్ నుంచి బ్లాక్డ్ అకౌంట్‌లో (ముందే డబ్బు వేసి, నెలకి ఇంత అని మాత్రమే తీసుకోగలిగే ఖాతా) ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి. ఇవన్నీ నేను సొంతంగా వెతుక్కున్నవే.

ఇక ఎస్సే రివ్యూ. ఇది నిజంగా బాగుంది. నా మొదటి డ్రాఫ్ట్ "చిన్నప్పటి నుంచి నాకు అంకెలంటే ఇష్టం" అని మొదలైంది. ఆవిడ ఆ పేరా అంతా కొట్టేసి, మీరు లోన్ల విభాగంలో పనిచేశారు కదా, మీ చేతుల్లో ఆగిపోయిన ఒక్క ఫైలు గురించి చెప్పండి, ఎందుకు ఆగిందో చెప్పండి అని అడిగారు. అప్పుడు గుర్తొచ్చింది, ఒక చిన్న వ్యాపారి ఫైలు. ఆయన ఆదాయం ఏడాదిలో నాలుగు నెలలే వస్తుంది, మా ఫారమ్‌లో మాత్రం పన్నెండు సమాన వాయిదాలు తప్ప వేరే గడి లేదు, అందుకే ఆ లోను పోయింది. క్రెడిట్ రిస్క్ (ఇచ్చిన అప్పు తిరిగొస్తుందో లేదో అంచనా వేయడం) ఎందుకు చదవాలనుకుంటున్నానో చెప్పడానికి అంతకన్నా ఏం కావాలి? నాలుగు డ్రాఫ్టులు చదివారు, నాలుగుసార్లూ ప్రశ్నలే వేశారు తప్ప నా బదులు ఒక్క వాక్యం రాయలేదు. ఫీజు తగ్గింపు వచ్చింది ఆ ఎస్సేకే.

విదేశానికి వెళ్లలేనివాళ్ల గురించి ఈ సర్వీసు అసలు ఆలోచించలేదు, నాకు బాధనిపించింది అక్కడే. సీఎఫ్ఏ అనేది పెట్టుబడుల రంగంలో పేరున్న అర్హత, ఆ పరీక్షలు ఇక్కడే ఉండి రాయొచ్చు. వాటిని నడిపే సీఎఫ్ఏ ఇన్‌స్టిట్యూట్ ఆర్థికంగా ఇబ్బంది ఉన్నవాళ్లకి యాక్సెస్ స్కాలర్‌షిప్ ఇస్తుంది, మహిళలకి విడిగా ఒకటి ఉంది, దానికి అనుబంధమైన యూనివర్సిటీల విద్యార్థులకి ఇంకొకటి. మూడు లెవెళ్ల పరీక్షల్లో ఫీజే పెద్ద భారం కాబట్టి ఆ తగ్గింపు చాలామందికి పెద్ద సాయం. చార్టర్ (అంటే ఆ అర్హత) రావాలంటే పరీక్షలతో పాటు 4,000 గంటల పని అనుభవం కావాలి, అది ఉద్యోగం చేస్తూనే పూర్తి చేసుకోవచ్చు. నలభై పేర్లలో ఇది ఒక్కటీ లేదు.

డెడ్‌లైన్ మెయిళ్లు మూడు రోజుల ముందు వస్తాయి. రిఫరెన్స్ లెటర్ రాసేవాళ్లకి అది ఏ మూలకీ చాలదు.

ఎస్సే రివ్యూ ఒక్కటే తీసుకునే ప్లాన్ విడిగా ఉందని నాకు మొత్తం కట్టాక తెలిసింది. తీసుకుంటే అదే తీసుకోండి, అదీ కోర్సు మొదలయ్యే ఏడాది ముందే, ఎందుకంటే చీవెనింగ్ లాంటివాటికి అప్పుడే అప్లై చేయాలి.