మార్టిన్స్‌విల్, బ్రిస్టల్, నార్త్ విల్క్స్‌బరో: చరిత్ర చూడాలంటే ఏది మేలు?

మైలుకు తక్కువ పొడవుండే ఓవల్‌ను, అంటే కోడిగుడ్డు ఆకారపు ట్రాక్‌ను, స్టాక్ కార్ పందేల (మామూలు కార్ల రూపంలో ఉండే కార్లతో జరిగే పందేల) వాడుకలో షార్ట్ ట్రాక్ అంటారు. అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో షార్లెట్, రాలీ ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగువారికి ఈ ఆట చరిత్రను దగ్గరి నుంచి చూసే అవకాశం ఉంది. పైన చెప్పిన మూడు ట్రాకులకూ అక్కడి నుంచి కారులో కొన్ని గంటల్లోనే చేరుకోవచ్చు. ఒక్కటే చూసే వీలుంటే ఏది చూడాలన్నది ప్రశ్న. నా ఓటు మార్టిన్స్‌విల్‌కే.

వర్జీనియాలోని ఈ ట్రాక్‌ను హెచ్. క్లే ఎర్ల్స్ 1947 సెప్టెంబరులో మట్టి ట్రాక్‌గా ప్రారంభించేనాటికి ఈ పందేలను నడిపే నాస్కార్ సంస్థ ఇంకా పుట్టనే లేదు. 1949 నాటి తొలి సీజన్‌లో అగ్రశ్రేణి పందేనికి వేదికైన ట్రాకుల్లో, నేటికీ ఏటా ఆ పందేన్ని విడవకుండా నిర్వహిస్తున్నది ఇదొక్కటే. 1955లో తారు పడినా ఆకారం మాత్రం మారలేదు: 0.526 మైలు చుట్టులో 800 అడుగుల పొడవున రెండు నేరు దారులు, వాటి కొసల్లో కేవలం 12 డిగ్రీల వాలున్న ఇరుకు మలుపులు. మలుపులో కారు బయటికి జారకుండా నిలిపే ఈ వాలు ఇక్కడ ఆదుకోదు కనుక ప్రతి మలుపులోనూ బ్రేకు గట్టిగా తొక్కక తప్పదు. 500 చుట్ల పందెంలో అలా వెయ్యి సార్లు తొక్కాలి. మలుపు దాటగానే ఊపందుకునే బరువైన కార్ల చక్రాలు తారును పెకలించివేయడంతో, 1976లో మలుపుల్లో కాంక్రీటు పరిచారు. 1964 నుంచి విజేతకు కప్పు బదులు మనిషెత్తు నిలువు గడియారం ఇస్తున్నారు. చెక్క సామాను తయారీకి పేరుపడ్డ ఊరికి అంతకంటే తగిన బహుమతి మరొకటి నాకు తోచదు.

టెనెసీలోని బ్రిస్టల్ 1961లో మొదలైంది. పరిమాణం దాదాపు అంతే, 0.533 మైలు, కానీ స్వభావం పూర్తిగా వేరు. 1969లో మలుపుల వాలును బాగా పెంచడంతో వేగం పెరిగింది, 1992లో ట్రాక్ అంతా కాంక్రీటయింది. 1996లో ట్రాకుల యజమాని బ్రూటన్ స్మిత్ కొన్న తర్వాత చుట్టూ మేడలా లేచిన గ్యాలరీలు లక్షన్నర మందికి చోటిచ్చాయి. 2021 నుంచి మూడేళ్లపాటు వసంతకాలపు పందెం కోసం ఆ కాంక్రీటుపైనే మట్టి పరిచారు. 1978లో మొదలైన రాత్రి పందెంలో దీపాల వెలుగు, ఆ గిన్నెలాంటి కట్టడంలో మారుమోగే హోరు కలిసి ఇచ్చే అనుభూతి మార్టిన్స్‌విల్‌లో దొరకదు. కేవలం ఉత్సాహమే కావాలనుకునేవారికి బ్రిస్టల్‌నే సూచిస్తాను. అయితే అక్కడ 1961 నాటి ట్రాక్ ఎలా ఉండేదో ఊహించుకోవాలే తప్ప చూడలేము.

నార్త్ విల్క్స్‌బరోను తలచుకుంటే మనసు బరువెక్కుతుంది. నార్త్ కరోలినాలో ఎనాక్ స్టేలీ ఆధ్వర్యంలో 1947లోనే తెరుచుకున్న ఈ ట్రాక్ నేల స్వతహాగా వాలుగా ఉండడం వల్ల, ముందరి నేరు దారి దిగువకు, వెనుకది ఎగువకు సాగుతుంది. యాజమాన్యం చేతులు మారి పందేలు టెక్సస్, న్యూ హ్యాంప్‌షైర్‌లకు తరలిపోగా, 1996 సెప్టెంబరులో జెఫ్ గోర్డన్ గెలిచిన పందెంతో నాస్కార్ అగ్రశ్రేణి ఇక్కడి నుంచి వెళ్లిపోయింది. గ్యాలరీలు శిథిలమై, తారు పగుళ్లలో కలుపు మొలిచింది. మాజీ డ్రైవర్ డేల్ ఎర్న్‌హార్ట్ జూనియర్ వంటివారి చొరవ, రాష్ట్ర ప్రభుత్వ నిధులు తోడవడంతో 2023లో నాస్కార్ వారి ప్రత్యేక ప్రదర్శన పందెం ఆల్ స్టార్ ఇక్కడికి వచ్చింది. నాకు అన్నిటికన్నా సంతోషం కలిగించిన సంగతి, పాత రూపురేఖలను చెరపకుండా బాగుచేయడం.

అయినా దాని కథలో పాతికేళ్లకు పైగా ఖాళీ ఉంది. మార్టిన్స్‌విల్‌లో ఆ ఖాళీ లేదు. 2022 అక్టోబరులో అక్కడే డ్రైవర్ రాస్ చస్టెయిన్ చివరి చుట్టులో కారును గోడకు ఆనించి, వేగం తగ్గించకుండా మలుపు తిరిగి, ఐదు కార్లను దాటి ఛాంపియన్‌షిప్ తుది పోరుకు చేరుకున్నాడు. 12 డిగ్రీల వాలు మీద అందరూ బ్రేకు తొక్కక తప్పని మలుపు కనుకనే, తొక్కనివాడికి అంత లాభం దక్కింది.