జాజికాయ దీవి దొరికిన పాత పుస్తకాల కొట్టు

నెల్లూరు ట్రంకు రోడ్డు పక్క సందులోని కొట్టిది. 1983 నాటి వారపత్రికల కట్ట 150 రూపాయలకు తెచ్చుకున్నా. సగం గ్రెనడా గొడవే. జెండా మీద జాజికాయ ఉన్న, 344 చదరపు కిలోమీటర్ల కరీబియన్ దీవి దేశం. 1979లో ప్రధాని గెయిరీని దించి గద్దెనెక్కిన మారిస్ బిషప్‌ను సొంత పార్టీవాళ్లే నిర్బంధించారు. జనం విడిపించుకున్నారు. అదే రోజు, అక్టోబరు 19న, సైనికులు గోడకు నిలబెట్టి కాల్చేశారు. 25న అమెరికా అధ్యక్షుడు రీగన్ సైన్యం దిగింది. ఐక్యరాజ్యసమితి సాధారణ సభ 108-9 ఓట్లతో తప్పుపట్టింది, అయితే ఏం లాభం?

సరిగ్గా అమెరికా దిగే పేజీలో చదరంగా కంత! కొట్టాయన్ని అడిగితే, ‘ఎనక సినిమా బొమ్మ ఉండుంటది సామీ, ఎవురో కత్తిరించుకున్యారు’ అని ఇరవై వెనక్కిచ్చాడు. దుమ్ముకు తుమ్ములు ఆగలేదు. మూడు స్టార్లు.