పీణ్యలో కంప్రెసర్ కొనకుండా గాలి కొంటున్నాం: పద్నాలుగు నెలల అనుభవం

బెంగళూరు పారిశ్రామిక వాడ పీణ్య రెండో ఫేజ్‌లో మాది చిన్న జాబ్ వర్క్ యూనిట్, ఎనిమిది సీఎన్‌సీ (కంప్యూటరుతో నడిచే) మిషన్లు, రెండు షిఫ్టులు. పోయినేడాది మిషన్లకు గాలిని నొక్కి పంపే కంప్రెసర్ కొత్తది కొనడం మానేసి గాలి సర్వీసు పెట్టుకున్నాం. కంప్రెసర్, గాలిలో తేమ తీసే డ్రైయర్, ట్యాంకు సర్వీసు కంపెనీ వాళ్లవే, తెచ్చి మన షెడ్డులో పెడతారు, ఆయిలు, ఫిల్టర్లు, రిపేర్లు అన్నీ వాళ్లే చూసుకుంటారు, మీటరులో ఎన్ని క్యూబిక్ మీటర్ల గాలి తిరిగిందో దానికి మనం నెలనెలా కడతాం. తెలిసినవాళ్లు చాలామంది ఎలా ఉందని అడుగుతున్నారు, అందుకే రాస్తున్నా.

ముందు పాత కథ చెప్పాలి. మా సొంత కంప్రెసర్‌కి ఏఎంసీ, అంటే ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు, ఉండేది. మూడు నెలలకోసారి కుర్రాడు వచ్చి ఫిల్టరు దులిపి, రిపోర్టు మీద సంతకం పెట్టించుకుని పోయేవాడు. సరిగ్గా ఆయుధ పూజకు నాలుగు రోజుల ముందు, డిస్పాచ్ నెత్తిన ఉండగా, కంప్రెసర్‌లో గాలిని నొక్కే ముఖ్యభాగమైన స్క్రూ బేరింగులు పోయాయి. గాలి లేకపోతే టూల్ కూడా మారదు కదా, అన్ని మిషన్లూ లో ప్రెషర్ అలారం కొట్టి నిలబడిపోయాయి. ఫోన్ చేస్తే "అది ఏఎంసీలోకి రాదు సార్, కొటేషన్ పంపిస్తాం" అన్నారు. ఆ టెన్షన్ నేను మరిచిపోలేను. మిషన్ చెడిపోతే నాకు నష్టం, వాళ్లకు బిల్లు!

ఇప్పుడది తిరగబడింది. కంప్రెసర్ ఆగితే మీటరు తిరగదు, మీటరు తిరగకపోతే సర్వీసు వాళ్లకు డబ్బు రాదు. మొన్న ఏప్రిల్ ఎండల్లో వాళ్లే ఫోన్ చేశారు, "అన్నా, ఆయిల్ టెంపరేచర్ రోజురోజుకీ ఎక్కుతోంది, ఆదివారం వచ్చి కూలర్ కడుగుతాం" అని. సెన్సరు రీడింగులు వాళ్ల ఆఫీసుకి వెళ్తుంటాయి. వచ్చి విప్పితే కూలర్ రెక్కల నిండా దుమ్ము, ఆయిలు కలిసి పేరుకుపోయి ఉంది. పాత పద్ధతిలో అయితే 110 డిగ్రీల దగ్గర ట్రిప్ అయ్యి కంప్రెసర్ ఆగాకే ఎవరికైనా తెలిసేది. ఇలా వాడకానికి డబ్బు తీసుకునే పద్ధతి కొత్తదేమీ కాదు, ఇంగ్లండ్‌లో బ్రిస్టల్ సిడ్లీ కంపెనీ 1962లోనే వైపర్ జెట్ ఇంజన్లకు ఎగిరిన గంటకు ఇంత అని తీసుకుని మెయింటెనెన్స్ తనే చూసుకునేది, తర్వాత ఆ కంపెనీ రోల్స్ రాయిస్‌లో కలిసింది.

ఇక నాకు నచ్చనివి. మీటరు ట్యాంకు తర్వాత ఉంటుంది, అంటే మన పైపుల్లో కారే గాలికి కూడా మనమే కట్టాలి. ఈ సంగతి అమ్మేటప్పుడు ఎవరూ చెప్పలేదు. ఒక ఆదివారం మిషన్లన్నీ ఆపి ఉన్నా మీటరు తిరుగుతుండటం చూసి నా గుండె జారిపోయింది. సబ్బు నీళ్లు పట్టుకుని లైనంతా వెతికాం, కప్లింగుల దగ్గర, పాత పియు (ప్లాస్టిక్) ట్యూబుల దగ్గర, ఎయిర్ గన్నుల దగ్గర బుడగలే బుడగలు. సొంత కంప్రెసర్ ఉన్నన్నాళ్లూ ఈ గాలి ఇలాగే పోయి ఉంటుంది, కరెంటు బిల్లులో కలిసిపోయి కనపడలేదు అంతే. ఇప్పుడు నెలకోసారి ఆదివారం మీటరు చూడటం పని పెట్టుకున్నాం.

రెండోది మినిమమ్ బిల్లు, అంటే గాలి ఎంత తక్కువ వాడినా నెలకు కట్టాల్సిన కనీస మొత్తం. దసరాకి నాలుగు రోజులు మూసినా, ఆర్డర్లు తగ్గి ఒకే షిఫ్టు నడిపినా, ఆ మొత్తం కట్టాల్సిందే. మూడేళ్ల లాక్-ఇన్ కూడా ఉంది, అంటే మధ్యలో మానుకోలేం.

అన్నిటికన్నా పెద్దది కరెంటు. కంప్రెసర్ జీవితకాలం ఖర్చులో సింహభాగం కరెంటుదే, దాని ధర ఆ తర్వాతే. మా అగ్రిమెంటులో కరెంటు బిల్లు నాది. మరి దాన్ని తగ్గించే అవసరం వాళ్లకేముంది? ప్రెషర్ ఒక బార్ (ప్రెషర్ కొలత) పెంచితే కరెంటు సుమారు 7 శాతం ఎక్కువ తింటుంది, మాకు 6 బార్ సరిపోతుంటే వాళ్లు ఏడున్నరలో పెట్టి వెళ్లారు, నేనే పట్టుబట్టి తగ్గించాను. ఇన్ని క్యూబిక్ మీటర్ల గాలికి ఇన్ని కరెంటు యూనిట్లు దాటితే తేడా వాళ్లే భరించాలని సంతకానికి ముందే రాయించుకోండి, నేను రాయించుకోలేదు.

రెండు షిఫ్టులు నిండుగా నడిచే యూనిట్లకు ఇది ధైర్యంగా చెప్తాను. ఒక్క షిఫ్టువాళ్లు మాత్రం మినిమమ్ కూడా దాటరు, మంచి కంప్రెసర్ కొనుక్కుని విడిభాగాలతో సహా ఏఎంసీ రాయించుకోండి, అందులో స్క్రూ ఉందో లేదో చదివాకే సంతకం పెట్టండి.