పైసల సంగతి పక్కన పెడితే ఏడికి పోదాం?

దసరా సెలవులకు బెంగళూరు నుంచి వచ్చిన మా అబ్బాయి ఒకరోజు అన్నం తింటూ అడిగాడు: "అమ్మా, ఖర్చు గురించి ఆలోచించకుండా చెప్పు, ఎక్కడికి పోవాలని ఉంది నీకు?"

వెంటనే చెప్పలేకపోయాను. ఎందుకంటే ఏ ఊరు గురించి విన్నా, ఏ హోటల్లో దిగినా నేను మొదట చూసేది నీళ్ళే. మా పుట్టిల్లు నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు. ఫ్లోరైడ్ నీళ్ళు తాగీ తాగీ మా అమ్మ మోకాళ్ళు యాభై ఏళ్ళకే వంగిపోయాయి. పెళ్ళయి పాలమూరు వస్తే ఇక్కడా వేసవంతా ట్యాంకర్ దగ్గర బిందెల వరుసే. అందుకే గది తలుపు తీయగానే పరుపు చూడను, పోయి నల్లా తిప్పుతాను.

నిజంగా ఖరీదైన చోట ఉన్నది ఒక్కటే ఒక్క రాత్రి. మా పెళ్ళయి పాతికేళ్ళు నిండినప్పుడు అబ్బాయి ఫలక్‌నుమా ప్యాలెస్‌లో గది తీసుకున్నాడు. గేటు దగ్గర మన కారు దిగితే, గుర్రబ్బండిలో గుట్ట మీదికి తీసుకుపోతారు. మెట్లెక్కుతుంటే పైనుంచి గులాబీ రేకులు చల్లారు. మా సారు భుజం మీద పడ్డ రేకులను దులపకుండా అట్లాగే లోపలికి నడిచారు. 1884లో వికారుల్ ఉమ్రా కట్టడం మొదలుపెట్టిన భవనం అది, తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేతికి వచ్చింది. మా ఊరికి మహబూబ్‌నగర్ అని పేరొచ్చింది ఆయన వల్లే. ఆయన 1911లో కన్నుమూసింది కూడా ఆ ప్యాలెస్‌లోనే అని సాయంత్రం తిప్పి చూపించినతను చెప్పాడు. మేం మహబూబ్‌నగర్ నుంచి వచ్చామంటే అతను సంబరపడి, 101 మంది కూర్చునే భోజనాల బల్ల దగ్గర మాకోసం ఇంకో పది నిమిషాలు ఆగాడు.

గదిలో తెల్లటి పెద్ద స్నానాల తొట్టి ఉంది. నల్లా తిప్పాను. నీళ్ళు సగానికి వచ్చేసరికి నా చెయ్యి దానంతటదే పోయి కట్టేసింది. రెండు బిందెలతో ఇంటిల్లిపాది స్నానాలు కానిచ్చిన రోజులు ఒంట్లో ఉండిపోయాయి మరి. మా సారు వచ్చి చూసి, ఏమీ అనకుండా నల్లా మళ్ళీ తిప్పారు. మెడ దాకా నీళ్ళలో అరగంట కూర్చున్నాను. ఆ రాత్రి తిన్న పత్థర్ కా గోష్త్ రుచి, ఖుబానీ కా మీఠా తీపి ఇప్పుడు సరిగ్గా గుర్తు లేవు గానీ ఆ అరగంట గుర్తుంది. పోవాలనుకునేవాళ్ళకు నా మాట ఒకటే: మధ్యాహ్నానికే చేరిపోండి. సాయంత్రం చూపించే నడక తప్పిపోతే అక్కడ ఉన్న సొగసు సగం పోయినట్టే.

ఇక పోవాలనుకునే చోట్లు. మాల్దీవుల గురించి నాకు మా ఆడబిడ్డ కొడుకు చెప్తాడు. అక్కడ ఒక రిసార్టులో హౌస్‌కీపింగ్ పని చేస్తున్నాడు. సముద్రం మీద గుంజలు పాతి కట్టిన విల్లాలు, మంచం మీదినుంచే కనిపించే చేపలు... వాడు ఫోన్లో చూపిస్తుంటే కళ్ళు తిప్పుకోలేం. దూరపు దీవులకు తీసుకుపోయే, నీళ్ళ మీద దిగే సీప్లేన్లు పగటిపూటే ఎగురుతాయట. విమానం సాయంత్రం దిగిందంటే ఆ రాత్రికి రాజధాని మాలేలోనే ఆగాలి, ఇంకో రోజు ఖర్చు. మనవాళ్ళకు అక్కడ దిగాక వీసా ఉచితంగా ఇస్తారు, అది మంచి వెసులుబాటు. వాడు చెప్పిన ఇంకో మాట నన్ను పట్టేసింది. "అత్తా, చుట్టూ నీళ్ళే గానీ తాగనీకి లేవు. సముద్రపు నీళ్ళల్ల ఉప్పు తీసి వాడుకుంటం." ఆ మాట మర్రిగూడ ఆడపిల్లకు ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. మాల్దీవులకు పోతే వాడి డ్యూటీ లేని రోజు చూసుకుని పోతాను. వాడు పరిచిన దుప్పటి మీద నేను పడుకోవడం, వాడు బయట నిలబడటం నా వల్ల కాదు.

స్విట్జర్లాండ్ అయితే గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్ రైలు. జెర్మాట్ నుంచి సెయింట్ మోరిట్జ్ దాకా ఎనిమిది గంటలు, 291 వంతెనలు, 91 సొరంగాలు. అద్దాల పెట్టెలో కూర్చుని మంచు కరిగి ఏరవడం చూడాలి. జ్యూరిక్ నగరంలో 1200కు పైగా ఫౌంటెన్లున్నాయట, దాదాపు అన్నిట్లో నీళ్ళు తాగొచ్చు. వీధిలో పారే నీళ్ళను దోసిలి పట్టి నిర్భయంగా తాగడం! డబ్బు ఎంతైనా ఇచ్చి పోయి, అక్కడ పైసా అడగని ఆ నీళ్ళు తాగి రావాలని ఉంది.

వీటన్నిటికన్నా ముందు ఉదయపూర్. పిఛోలా చెరువు నడుమ 1746లో రెండో జగత్ సింగ్ కట్టించిన మహల్, ఇప్పుడు హోటల్. పడవలోనే పోవాలి. కరువు వచ్చిన ఏళ్ళల్లో ఆ చెరువే ఎండిపోయేది కాబట్టి వానలు ముగిశాక పోవడం మేలు. ఎడారి రాష్ట్రంలో నీళ్ళ మధ్య నిద్రపోవాలన్న ఆ రాజు కోరిక నాకు బాగా అర్థమవుతుంది.

అబ్బాయి ఇవన్నీ రాసుకున్నాడు. ఈలోగా చేతిలో ఉన్న సెలవులకు సాగర్, సోమశిల చూసొద్దామని మా అత్తమ్మను కూడా తీసుకుని బయల్దేరాం.

సాగర్‌లో నాగార్జునకొండకు లాంచీ ప్రయాణం బాగుంది. డ్యామ్ కడితే మునిగిపోతాయని బౌద్ధ కట్టడాలను విప్పి, కొండ మీద మళ్ళీ పేర్చారు. చూడాల్సిన చోటు. మేం దిగిన లాడ్జి మాత్రం మనసు కష్టపెట్టింది. అంత పెద్ద జలాశయం పక్కనే ఉండి, పొద్దున ఐదింటికి నల్లాలో చుక్క లేదు. ఎనభై ఏళ్ళ మనిషికి బకెట్ వేడినీళ్ళు అడిగితే, రిసెప్షన్ కుర్రాడు "ఎనిమిది తర్వాత" అని ఫోన్లోంచి తల ఎత్తకుండా చెప్పాడు.

సోమశిలలో అట్లా జరగలేదు. కొల్లాపూర్ దాటాక నల్లమల గుట్టల మధ్య కృష్ణ ఒక్కసారిగా విప్పుకుంటుంది. ఒడ్డున కాటేజీ, వరండాలోంచి నీళ్ళు. గది మామూలుది, తువ్వాళ్ళు పలచన. అయితే అక్కడ వంట చేసే ఆమె అత్తమ్మ పళ్ళ సంగతి చూసి, జొన్న రొట్టెను ముక్కలు చేసి చేపల పులుసులో నానబెట్టి తెచ్చింది. లాంచీ ఎక్కేటప్పుడు పడవ నడిపే అతను ఒక కాలు బల్ల మీద, ఒక కాలు నీళ్ళల్లో పెట్టి, అత్తమ్మ రెండు చేతులూ పట్టుకుని "అవ్వా, నన్నే చూడు, కిందికి చూడకు" అంటూ ఎక్కించాడు. గులాబీ రేకులు చల్లిన చోట కూడా ఇంత నెమ్మది చూశాను గానీ, ఇంతకన్నా ఎక్కువ చూడలేదు.

లాంచీ నడి నీళ్ళలోకి పోయాక అబ్బాయి, నాకు వేసిన ప్రశ్నే వాళ్ళ నానమ్మకు వేశాడు. "నానమ్మా, ఎంత ఖర్చైనా సరే, ఏడికి పోదాం?"

అత్తమ్మ కొంగు సర్దుకుని, చెయ్యి చాచి నీళ్ళల్లోకి చూపించింది. "గా చెట్ల లైనుకు ఇవతల మా ఊరుండె బిడ్డా. శ్రీశైలం డ్యామ్‌ల మునిగింది. గుడిని పైకి తెచ్చి కట్టిండ్రు గానీ, మా ఇల్లు ఆడనే ఉండిపాయె. గాడికి తోల్కపోతవా?"

అబ్బాయి ఏమీ అనలేక నా వైపు చూశాడు. పడవ అతనే అందుకున్నాడు. ఎండాకాలం నీళ్ళు దిగితే అవతలి ఒడ్డున సంగమేశ్వరం గుడి బయటపడుతుందనీ, అప్పుడే పాత ఊళ్ళ గోడలు కూడా కొన్ని తేలుతాయనీ, బురద ఆరాక అవ్వను నడిపించొచ్చనీ చెప్పాడు. "మీ ఇంటి గుర్తు ఏమన్న ఉందా అవ్వా?" అని అడిగాడు.

"చేద బావి," అంది అత్తమ్మ. "వాకిట్లనే ఉండె. తియ్యటి నీళ్ళు."

ఏప్రిల్ ఆఖరు వారం పడవ కావాలని అబ్బాయి అక్కడే అడ్వాన్స్ ఇచ్చాడు.