వెయ్యి రూపాయలా, ఒళ్లు వంచే చాకిరీయా?

హనుమకొండ చౌరస్తాలో ఒకతను తాగి జనాన్ని ఇబ్బంది పెట్టాడనుకుందాం. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత (నేరాలకు శిక్షలు చెప్పే చట్టం) 355వ సెక్షన్ ప్రకారం 24 గంటల వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ, లేదంటే సమాజ సేవ, అంటే జనానికి పనికొచ్చేలా కోర్టు చేయమనే పని. జైలు సంగతి వదిలేద్దాం. మిగతా రెండింటిలో ఏది అతన్ని బాధ్యత గల మనిషిగా చూస్తుంది?

జరిమానా సులువు. కట్టేసి వెళ్లిపోవచ్చు, నలుగురి కంట పడనక్కర్లేదు. కానీ ఆ డబ్బు బావమరిది ఇచ్చినా చెల్లుతుంది. ఎనుమాముల మార్కెట్ హమాలీకి వెయ్యి రూపాయలంటే ఇల్లు తడుముకోవాలి. స్థలాల వ్యాపారికి లెక్కే కాదు.

సమాజ సేవకు మాత్రం అతనే రావాలి. దానికి కూలి ఉండదని, నేర విచారణ పద్ధతి చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహిత 23వ సెక్షన్ చెబుతోంది. తప్పు చేసిన చేతులతోనే మంచి కూడా జరుగుతుందని నమ్మే శిక్ష ఇది. అందుకే నా మొగ్గు ఇటే, రెండు పేచీలతో. మొదటిది: మెడలో తప్పు రాసిన అట్ట తగిలించి ఫొటోలు తీయమని చట్టం ఎక్కడా అనలేదు. ఆ పని చేస్తే రాజ్యాంగం 21వ అధికరణం కాపాడే మానవ గౌరవానికే దెబ్బ. రెండోది నన్ను ఎక్కువ గుచ్చుతుంది: వరంగల్ ఎంజీఎం ప్రభుత్వాసుపత్రి ఆవరణ ఊడవడం శిక్ష అయితే, బతుకు కోసం రోజూ అదే పని చేసే మనిషికి మనం ఏం చెబుతున్నట్టు? చీపురు బదులు ఓపీ వరుసలో ముసలివాళ్లకు తోడుండమనవచ్చు.