చెయ్యి అలవాటు పడ్డాక: విండోస్, మ్యాక్, గ్నోమ్, ప్లాస్మా

విండోస్, మ్యాక్, ఉచితంగా దొరికే లినక్స్ మీద నడిచే రెండు డెస్క్‌టాప్‌లు గ్నోమ్, కేడీఈ ప్లాస్మా: నాలుగింటినీ పని కోసం ఏళ్లుగా వాడుతున్నాను. ఏది అందంగా ఉందన్న వాదన జోలికి పోను. రోజూ చేసేవి ఎప్పుడూ ఉండే పనులే. తెరిచిన బోలెడు విండోల్లో కావలసింది దొరకాలి, రెండు పక్కపక్కన పెట్టుకోవాలి, ఫైలు వెతకాలి. వీటికి చెయ్యి అలవాటు పడ్డాక, ఆ అలవాటును ఎన్నేళ్లు చెడగొట్టకుండా ఉంచుతారన్నదే నా దృష్టిలో ఇంటర్‌ఫేస్ విలువ.

విండోస్‌ను ఈ లెక్కన మెచ్చుకోవాలో తిట్టాలో తేలదు. 1995లో వచ్చిన స్టార్ట్ బటన్‌కు జనం ఎంతగా అలవాటు పడ్డారంటే, 2012లో విండోస్ 8 దాన్ని తీసేస్తే గోల గోలైంది. మరుసటి ఏడాదే 8.1లో మళ్లీ పెట్టారు. విండోను అంచుకు లాగితే సగం స్క్రీన్‌కు సర్దుకునే సౌకర్యం 2009లో విండోస్ 7తోనే వచ్చింది. ఇప్పటికీ నాకు అన్నిటికంటే హాయిగా అనిపించేది అదే. కానీ విండోస్ 11 వచ్చినప్పుడు టాస్క్‌బార్‌ను పక్క అంచుకు జరిపే వీలు తీసేశారు. స్క్రీన్లన్నీ అడ్డంగా వెడల్పయిపోయిన కాలంలో ఇదేం నిర్ణయమో! రైట్ క్లిక్ మెనూను కూడా కుదించి, పాత ఆప్షన్లను ఇంకో క్లిక్ వెనక్కి నెట్టారు. షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే పాత మెనూ నేరుగా వస్తుంది. నేను అలాగే నెట్టుకొస్తున్నాను.

మ్యాక్‌లో మెనూ 1984 నుంచీ స్క్రీన్ పై అంచునే ఉంది. దీని వెనుక లెక్క ఉంది. లక్ష్యం పెద్దదైనా, దగ్గరగా ఉన్నా దాన్ని త్వరగా అందుకుంటామని 1954లో పాల్ ఫిట్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చూపించారు. పాయింటర్ అంచు దాటి పోలేదు కాబట్టి, గురి చూడకుండా పైకి తోస్తే చాలు, మెనూ అందుతుంది. చిన్న లాప్‌టాప్ మీద ఇది నిజంగా సుఖం. పెద్ద మానిటర్ మీద, విండో కింది మూలన ఉంటే మాత్రం అంత దూరం వెళ్లి రావడమే విసుగు. ఎర్ర బటన్ నొక్కితే విండో పోతుంది కానీ చాలాసార్లు యాప్ నడుస్తూనే ఉంటుంది. కమాండ్, ట్యాబ్ నొక్కితే యాప్‌లు మారతాయి తప్ప విండోలు మారవు, వాటికి వేరే షార్ట్‌కట్. అంచుకు లాగి సర్దుకోవడం 2024లో గానీ రాలేదు. ట్రాక్‌ప్యాడ్ మీద వేళ్లతో చేసే పనుల్లో మాత్రం దీనికి సాటి లేదు. అయితే ఈ ఇంటర్‌ఫేస్ కావాలంటే మెషీన్ మొత్తం కొనాల్సిందే.

గ్నోమ్ గురించి క్లుప్తంగానే చెప్తాను. 2011లో మూడో వెర్షన్‌తో పాత పద్ధతిని పూర్తిగా వదిలేసింది. అది నచ్చనివాళ్లు పాతదాన్ని ‘మాటే’ (MATE) అనే పేరుతో కొనసాగించారు. సూపర్ కీ (కీబోర్డు మీద విండోస్ గుర్తున్న కీ) నొక్కి పేరు టైప్ చేసి తెరుచుకునేవాళ్లకు ఇంత ప్రశాంతమైన డెస్క్‌టాప్ ఇంకోటి లేదు. అయితే మినిమైజ్ బటన్ కావాలన్నా సెట్టింగ్ మార్చాలి, డాక్, అంటే యాప్ ఐకాన్ల వరుస, ఎప్పుడూ కనబడాలంటే ఎక్స్‌టెన్షన్ అనే అదనపు చిన్న ప్రోగ్రామ్ వేసుకోవాలి. ఆరు నెలలకో కొత్త వెర్షన్, వచ్చిన ప్రతిసారీ ఆ ఎక్స్‌టెన్షన్లు పనిచేస్తాయో లేదోనన్న టెన్షన్.

ప్లాస్మాలో సెట్టింగ్స్ ఒక అడవి. కావలసిన ఆప్షన్ ఉందని తెలుసు, ఎక్కడుందో తెలియదు. అయినా నా ఓటు దీనికే. కొత్తగా మార్చినదాన్ని వద్దనుకునే హక్కు ఇందులో మన చేతిలోనే ఉంటుంది. ఉదాహరణకు, ఇందులో మొదటి నుంచీ ఒక్క క్లిక్‌తోనే ఫైలు తెరుచుకునేది. 2024లో ప్లాస్మా 6 దాన్ని డబుల్ క్లిక్‌కు మార్చింది. ఆ మార్పు సబబే, కొత్తగా వచ్చేవాళ్లకు అదే తెలుసు. నాకు పాతదే కావాలి, సెట్టింగ్స్‌లో ఒక్కచోట మారిస్తే సరిపోయింది. టాస్క్‌బార్‌ను ఎడమ అంచున పెట్టుకున్నాను, ఎవరూ వద్దనలేదు.

డబ్బు పెట్టక్కర్లేదని దీన్ని ఎంచుకునేవాళ్లు మాత్రం ముందు తమ సాఫ్ట్‌వేర్ సంగతి చూసుకోవాలి. ఫోటోషాప్‌కు లినక్స్ వెర్షన్ లేదు. ఫోటోల పని పడితే నేనూ మ్యాక్ తెరుస్తాను.