ఆరేళ్లు, 163 రాత్రులు: మా ట్రావెల్ ట్రైలర్ గిట్టిందా?

డాలస్‌లో మనవాళ్లెవరైనా ఆర్వీ (పడకలు, వంట, బాత్రూమ్ అన్నీ లోపలే ఉండే బండి) కొందామనుకుంటే, తెలిసినవాళ్ల ద్వారా నా నంబరు కనుక్కుని ఫోన్ చేస్తుంటారు. ముందడిగేది ఒకటే: "హోటల్ ఖర్చు మిగులుతుందా అన్నా?" మిగలదని మొదటే చెప్పేస్తాను. అయినా కొన్నందుకు మేం ఏనాడూ బాధపడలేదు. ఈ రెండు మాటలూ ఎలా పొసుగుతాయో ఫోన్లో చెప్పడం కష్టం, అందుకే రాస్తున్నాను.

మాది పికప్ ట్రక్కు వెనక తగిలించి లాక్కెళ్లే ట్రావెల్ ట్రైలర్. 2016 మోడల్, 26 అడుగులు. 2019 ఏప్రిల్లో రిటైరైన ఒక దంపతుల దగ్గర 16,500 డాలర్లకు కొన్నాం. వెనకవైపు పిల్లలకి బంక్ బెడ్లు, ముందు మాకో మంచం, మధ్యలో డైనింగ్ బల్ల. రాత్రిపూట ఆ బల్ల దించి పైన దిండ్లు పరిస్తే ఇంకో పడక. మూడు బర్నర్ల స్టవ్, ఫ్రిజ్, షవర్, టాయిలెట్ ఉన్నాయి. కొత్త ట్రైలర్ ధర మొదటి ఒకటి రెండేళ్లలోనే బాగా పడిపోతుంది. ఆ దెబ్బ ఇంకొకరు తినేసిన బండే మా తాహతుకు సరిపోతుందనుకున్నాం, ఇప్పటికీ అదే సరైన నిర్ణయమంటాను. కరోనా రోజుల్లో జనం ఎగబడ్డారు. 2021లో అమెరికాలో 6 లక్షలకు పైగా ఆర్వీలు ఫ్యాక్టరీల నుంచి బయటికొచ్చాయి, 2023కల్లా అది 3 లక్షల చిల్లరకు దిగిపోయింది. ఆ గిరాకీలో పదిహేనేళ్ల అప్పు మీద కొత్తవి కొన్న స్నేహితులు ఇద్దరున్నారు నాకు. ఇద్దరికీ బండి విలువ కంటే బాకీయే ఎక్కువుంది.

మా ఆవిడ మొదటి ట్రిప్పు నుంచీ ఒక నోటుపుస్తకం పెట్టింది. ఏ పార్కు, అందులో బండి నిలుపుకున్న జాగా (సైటు) ఏది, ఎన్ని రాత్రులు, ఎంత కట్టాం, అన్నీ అందులో ఉన్నాయి. ఆ పుస్తకం లేకపోతే "ఏడాదికి ఓ నలభై రాత్రులు తిరుగుతాం" అని నేనూ నమ్మకంగా చెప్పేవాణ్ణి. తీరా లెక్క చూస్తే 2019లో 28, 2020లో 24, 2021లో 41, 2022లో 37, 2023లో 21, నిరుడు 12. ఈ ఏడాది ఇంకా ఒక్కటీ లేదు. మొత్తం 163.

ఇక డబ్బు. కొన్న ధర మీద టెక్సస్ పన్ను 6.25 శాతం, అంటే 1,031 డాలర్లు. ట్రైలర్‌ని ట్రక్కుకి తగిలించి బరువు సర్దే కొక్కెం (వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్), ట్రైలర్ బ్రేకుల్ని ట్రక్కులోంచి నడిపే బ్రేక్ కంట్రోలర్, బిగింపుతో సహా 1,150. నీళ్ల గొట్టం, మురుగు గొట్టం, సర్జ్ ప్రొటెక్టర్, చక్రాల కింద పెట్టే దిమ్మలు అన్నీ కలిపి 600. బండి గజం కదలకముందే 19,281 అయింది. మా కాలనీ ఇళ్ల యజమానుల సంఘం (హెచ్ఓఏ) ట్రైలర్‌ని ఇంటి ముందు పెట్టుకోనివ్వదు కాబట్టి స్టోరేజీకి నెలకు 95 చొప్పున ఆరేళ్లకు 6,840. ఇన్సూరెన్స్ 2,280, రిజిస్ట్రేషన్ 540. టైర్లు, బేరింగులు, బ్యాటరీలు, పైకప్పు రిపేరుకు 7,400. ఇవాళ అమ్మితే 8,000 వస్తుందంటున్నారు. అది తీసేస్తే మా జేబులోంచి నికరంగా పోయింది 28,341. రాత్రికి 174 డాలర్లన్నమాట. పార్కులో సైటు అద్దె సగటున 35. ట్రైలర్ లాగుతుంటే ట్రక్కు మైలేజీ గ్యాలన్‌కి 20 మైళ్ల నుంచి 10కి పడిపోతుంది, ఆ అదనపు పెట్రోలు ఇంకో 13. వెరసి రాత్రికి 222.

మేం వెళ్లే పార్కుల చుట్టుపక్కల ఓ మోస్తరు హోటల్ గది 150కి దొరికేది. మేం నలుగురం ఒక గదిలో సర్దుకుంటాం. అంటే ప్రతి రాత్రీ 70 డాలర్లు ఎక్కువే పెట్టాం. అమ్మానాన్న ఉన్నప్పుడు మాత్రం రెండు గదులు కావాలి, అప్పుడు ట్రైలర్‌దే పైచేయి. 163 రాత్రుల్లో వాళ్లు మాతో ఉన్నవి 46.

ఆ 46 రాత్రుల గురించి కాస్త చెప్పాలి. అమ్మకి షుగర్. వేళకి తినాలి. మోకాళ్ల నొప్పులు, రాత్రి రెండు మూడుసార్లు లేవాలి. బయట తిండి అసలు ముట్టదు. 2019లో వచ్చినప్పుడు కారు ప్రయాణమంటేనే భయపడేది. నీళ్లు తాగితే దారిలో బాత్రూమ్ ఎక్కడ వెతుక్కోవాలోనని పొద్దుణ్ణుంచి గొంతు తడుపుకునేది కాదు. ట్రైలర్ వచ్చాక ఆ భయం పోయింది. రెస్ట్ ఏరియాలో ఆపితే వెనక్కి నాలుగడుగులు వేసి తన బాత్రూములోకి తనే వెళ్లేది. ఫ్రిజ్‌లోంచి పెరుగు గిన్నె తీసి అక్కడే అన్నం కలిపి అందరికీ పెట్టేది. ఈ ఒక్కదానికీ ఏ హోటలూ సాటి రాదు.

2022 మార్చి స్ప్రింగ్ బ్రేక్‌లో వెస్ట్ టెక్సస్ వెళ్లాం. మొదటి రాత్రి ఇసుకదిబ్బల మధ్య మోనహన్స్ శాండ్‌హిల్స్‌లో, తర్వాత నాలుగు రాత్రులు డేవిస్ మౌంటెన్స్ స్టేట్ పార్కులో. పెద్ద టెలిస్కోపులతో ఆకాశాన్ని పరిశీలించే మెక్‌డొనాల్డ్ అబ్జర్వేటరీ ఆ కొండల్లోనే ఉంది. అక్కడి చీకటి ఎంత చిక్కనిదో దాన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు. రాత్రి భోజనాలయ్యాక మడత కుర్చీలు బయట వేసుకున్నాం. నాన్న శాలువా కప్పుకుని చాలాసేపు మాట్లాడకుండా పైకి చూస్తూ కూచున్నారు. తర్వాత మనవణ్ణి దగ్గరికి పిలిచి, వేలు పెట్టి చూపించడం మొదలెట్టారు. పడమటి దిక్కున గుత్తిలా ఉన్నవి కృత్తికలు, ఈశాన్యంలో లేస్తున్నది సప్తర్షి మండలం, అదిగో ఆ మూడు చుక్కలు గొల్లకావడి. "చిన్నప్పుడు మా దాబా మీద పడుకుంటే ఇలాగే కనపడేవిరా. తెనాలిలో ఇప్పుడు లెక్కపెడితే పది చుక్కలుండవు" అన్నారు. లోపల అమ్మ, మా ఆవిడ పాలు కాస్తున్న చప్పుడు. నిద్రొస్తే వెళ్లి పడుకోవడానికి పది అడుగుల దూరం. హోటల్లో దిగి ఉంటే అంత చలిలో, ఆ వేళప్పుడు, ఆ వయసువాళ్లను కారెక్కించుకుని చుక్కలు చూపించడానికి తీసుకెళ్లేవాణ్ణా? తీసుకెళ్లేవాణ్ణి కాదు.

అయితే ఆ ట్రిప్పుకి మా ఆవిడ వెనక కారు నడుపుకుంటూ వచ్చింది. కారణం పేలోడ్. అమ్మేవాళ్లు "మీ ట్రక్కు 9,000 పౌండ్లు లాగుతుంది" అని ఊరుకుంటారు. డ్రైవర్ డోర్ తీస్తే పక్కన పసుపు పచ్చ స్టిక్కర్ ఉంటుంది, ట్రక్కు తన మీద మోయగలిగే బరువెంతో దాని మీద రాసి ఉంటుంది. మాది 1,620 పౌండ్లు. సామానుతో నిండిన మా ట్రైలర్ 6,300, అందులో దాదాపు ఎనిమిదో వంతు, 780 పౌండ్లు, హిచ్ మీద పడుతుంది. హిచ్ సామగ్రి 90, మేం నలుగురం 520, వెనక తొట్టిలో సామాన్లు 150. అంతా కలిపి 1,540. ఇంక ఇద్దరు పెద్దవాళ్లు ఎక్కితే పరిమితి దాటిపోయినట్టే. కొనేముందు ఈ లెక్క వేసుకోండి. వేసుకున్నాక కూడా ట్రక్ స్టాపులో ఉండే కాటా మీదికి ఒకసారి ఎక్కించి చూడండి. మొదటి ట్రిప్పులో హైవే మీద పక్కనుంచి పెద్ద లారీ దూసుకెళ్లినప్పుడు ట్రైలర్ తోక ఊపిన ఆ నాలుగు సెకన్లు నేను మర్చిపోలేదు. ఆ తర్వాత 62 మైళ్ల వేగం ఎప్పుడూ దాటలేదు.

వంట సంగతి మన ఇళ్లలో అందరూ అడుగుతారు. లోపల తాలింపు పెట్టకండి. ఎండుమిరపకాయ ఘాటుకి స్మోక్ అలారం మోగుతుంది, అది పెద్ద విషయం కాదు. ఆ వాసన దిండ్లకీ కర్టెన్లకీ పట్టి వారం పోదు. మేం చిన్న సింగిల్ బర్నర్ ఒకటి కొని బయట బల్ల మీద పోపు పెట్టుకునేవాళ్లం. 30 ఆంప్స్ కరెంటే ఇచ్చే సైటులో ఏసీ, మైక్రోవేవ్, రైస్ కుక్కర్ మూడూ ఒకేసారి వేస్తే బ్రేకర్ పడిపోతుంది. అన్నం అయ్యేదాకా మైక్రోవేవ్ ముట్టుకోకూడదని పిల్లలకి కూడా అలవాటైపోయింది.

మురుగు ట్యాంకు ఖాళీ చేయడం గురించి భయపడి మానుకునేవాళ్లున్నారు. అవసరం లేదు, చేతికి గ్లవ్స్ ఉంటే పది నిమిషాల పని. ముందు టాయిలెట్‌ది వదలాలి, తర్వాత సబ్బునీళ్లది వదిలితే గొట్టం దానంతటదే కడుక్కుపోతుంది. సైటులో డ్రైనేజీ కనెక్షన్ ఉంది కదా అని టాయిలెట్ వాల్వు తీసి మాత్రం ఉంచేయకూడదు. నీళ్లన్నీ పోయి మిగతాది అడుగున గట్టిపడిపోతుంది.

అసలు భయపడాల్సింది వానకి. పైకప్పు మీద గాలి పోయే వెంట్లు, యాంటెనా, అంచులు, ఎక్కడెక్కడ రంధ్రం ఉందో అక్కడల్లా సీలెంట్ పూసి ఉంటుంది. టెక్సస్ ఎండకి అది పగులుతుంది. మూడు నెలలకోసారి నిచ్చెనేసుకుని పైకెక్కి చూడాలి. 2022 వేసవిలో నేను బద్ధకించాను. నవంబర్లో మా అబ్బాయి బంక్ పక్కన గోడ మీద చెయ్యి వేస్తే మెత్తగా లోపలికి పోయింది. గోరుతో గీకితే పైన కాగితం ఊడొచ్చి, లోపలి చెక్క నానబెట్టిన అటుకుల్లా చేతిలోకి వచ్చింది. వెంట్ మూల పగులు అగ్గిపుల్లంత కూడా లేదు. బండి స్టోరేజీలో ఉండగా పడ్డ ప్రతి వానా అందులోంచి గోడలోకి దిగింది. రిపేరుకి 2,900 డాలర్లు. దానికంటే బాధ, ఆ షాపువాళ్లు మూడు వారాలన్నది పదకొండు వారాలు ఉంచుకున్నారు. క్రిస్మస్ సెలవులకి బుక్ చేసుకున్న రెండు పార్కులూ రద్దయ్యాయి. ఇప్పుడు సీలెంట్ ట్యూబులు ఇంట్లో పెట్టుకుని నేనే పూస్తున్నాను, 15 డాలర్లతో పోతుంది. పాతది కొనేవాళ్లు స్టవ్వూ సోఫాలూ చూసే ముందు ప్రతి మూలా, ప్రతి కిటికీ కిందా అరచేత్తో నొక్కి చూడండి.

చలి మాత్రం మమ్మల్ని వదిలేసింది. 2021 ఫిబ్రవరి తుపానులో డాలస్‌లో ఉష్ణోగ్రత సున్నా ఫారెన్‌హీట్ కంటే రెండు డిగ్రీలు కిందికి పోయింది. నవంబర్లోనే గొట్టాల్లో నీళ్లు తీసేసి చలికి గడ్డకట్టని గులాబీ రంగు ద్రవం (యాంటీఫ్రీజ్) ఎక్కించి ఉంచాం కాబట్టి బతికిపోయాం. రెండు గ్యాలన్లు సరిపోయాయి.

నోటుపుస్తకంలో పడని ఖర్చు ఇంకొకటుంది, టైము. టెక్సస్ స్టేట్ పార్కుల్లో బుకింగ్ ఐదు నెలల ముందు తెరుస్తారు. బ్లూబానెట్ పూల సీజన్లో శని ఆదివారాలు కావాలంటే తెరిచిన పొద్దున్నే పట్టుకోవాలి. శుక్రవారం ఆఫీసు నుంచి రాగానే స్టోరేజీకి వెళ్లి తగిలించుకుని, ఇంటికి తెచ్చి, సామాన్లెక్కించి కదిలేసరికి మూడు గంటలు. ఆదివారం మళ్లీ అదే తంతు, దానికి తోడు దుప్పట్ల ఉతుకుడు. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు అదే సంబరం. వాళ్లు పదో తరగతి దాటాక ఆ మూడు గంటలు దొరకడం గగనమైంది.

అందుకే నిరుడు పన్నెండు రాత్రులే వెళ్లగలిగాం. స్టోరేజీ, ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్ కలిపి ఏడాదికి 1,610. కొన్న ధర, రిపేర్లు పక్కన పెట్టినా, చక్రం తిరగకముందే రాత్రికి 134 డాలర్లు. దాదాపు అదే డబ్బుకి మా చుట్టుపక్కల ఇలాంటి ట్రైలర్ అద్దెకు దొరుకుతోంది. కొందరు పార్కుకే తెచ్చి నిలబెట్టి, అయిపోయాక వాళ్లే తీసుకెళ్తారు.

నన్నడిగితే, ఏడాదికి ముప్పై అయిదు రాత్రులు తప్పకుండా తిరుగుతామనుకున్నా ముందు మూడుసార్లు అద్దెకు తీసుకోండి. అందులో ఒకటి జూలై ఎండలో, ఒకటి రెండ్రోజులు ముసురు పట్టినప్పుడు. అప్పటికీ ఇష్టం తగ్గకపోతే, మూడు నాలుగేళ్లు వాడిన బండి, అప్పు లేకుండా కొనండి. ఇంట్లో షుగరున్న పెద్దవాళ్లో, బయట తిండి పడని పసివాళ్లో ఉంటే నేను ఇంత లెక్క కూడా చెప్పను, కొనుక్కోమంటాను. ఏడాదికి రెండు లాంగ్ వీకెండ్ల కోసమైతే వద్దేవద్దు.

మేం అమ్మేస్తున్నాం. అమ్మాయి కాలేజీకి ఆస్టిన్ వెళ్లిపోయింది. నాన్నని ఇక విమానం ఎక్కొద్దన్నారు డాక్టరు. మొన్న ఫోన్లో చెబితే అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "సరేలే నాయనా. సింకు కింద అల్లం దంచుకునే నా చిన్న రోలుంది, అది వాళ్లకిచ్చెయ్యకు" అంది.

శనివారం ఇద్దరు చిన్న పిల్లలున్న ఒక జంట చూడ్డానికి వస్తున్నారు. ఆయన తల్లిదండ్రులు జూన్లో గుంటూరు నుంచి వస్తున్నారట. రోలు తీసి ఇంట్లో పెట్టాను. పైకప్పు రిపేరు బిల్లు, ఆ గోడ ఫోటోలు, మా ఆవిడ నోటుపుస్తకం డైనింగ్ బల్ల మీద పెట్టి ఉంచాను, వాళ్లు లోపలికి రాగానే ముందు అవే కనపడేట్టు.